గోప్యంగా ఉంచబడును

అమ్మాయిలకీ విద్యార్థులకీ మానసిక సహాయం అందిస్తామంటూ వచ్చే ప్రకటనల్లో ఒక వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది: "మీ వివరాలు గోప్యంగా ఉంచబడును." కాలేజీ గోడ మీద పోస్టరైనా, యాప్ తెరవగానే వచ్చే పేజీ అయినా, వాట్సాప్‌లో తిరిగే బొమ్మైనా అటూ ఇటూగా ఇదే వాక్యం. సాహిత్య పత్రికలో పోస్టర్‌ని విమర్శించడమేంటి అని మీకు అనిపించొచ్చు. కానీ పదహారేళ్ల అమ్మాయి తన మనసు గురించి తెలుగులో చదివే మొదటి వాక్యం ఈ రోజుల్లో కథలోదో నవలలోదో కాకపోవచ్చు, ఇదే కావచ్చు. అందుకే దీన్ని కూడా ఒక రచనలాగే చదవాలని నా పట్టుదల.

చదివితే ముందు ఆ "బడును" దగ్గర ఆగిపోతాం. ఉంచేది ఎవరు? ఎవరి నుంచి దాస్తారు? ఎన్నాళ్లు? మనం మాటిచ్చేటప్పుడు "ఎవరికీ చెప్పనులే" అంటాం. అందులో ఒక మనిషి ఉంది, రేపు చెప్పేస్తే నిలదీయడానికి ఒక మొహం ఉంది. "ఉంచబడును"లో ఎవరూ లేరు. టెండర్లు పిలవబడును, దరఖాస్తులు స్వీకరించబడును, నీ ఏడుపు గోప్యంగా ఉంచబడును.

ఇక "గోప్యం". ఇంట్లో ఈ మాట వాడేవాళ్లని నేను చూడలేదు. మనకి ఉన్నది "గుట్టు". అయితే తెలుగులో గుట్టు ఎప్పుడూ ఇంటిది, అమ్మాయిది కాదు. ఇంటిగుట్టు లంకకు చేటు. ఇంట్లో సంగతి బయట చెప్పినవాడు విభీషణుడు, ఆయన చెప్పింది న్యాయమే అయినా సరే, సామెత మాత్రం లంక వైపే నిలబడింది. రాత్రి దుప్పటి కప్పుకుని ఎవరికో ఫోన్ చేసి "మా నాన్న ఇలా అంటున్నాడు, నాకు నిద్ర పట్టట్లేదు" అని చెప్పే అమ్మాయి ఆ ఇంటి లెక్కలో చేస్తున్నది విభీషణుడి పనే. ఆ భయాన్ని తీసేయాల్సిన వాక్యం ఇది. "ఉంచబడును"తో అది తీరుతుందా?

ఇదంతా భాషా చాదస్తం అనుకోకుండా కొన్ని సంగతులు చెప్పుకోవాలి. 2016లో ప్రపంచం మొత్తంలో ఆత్మహత్యల వల్ల చనిపోయిన ఆడవాళ్లలో 36.6 శాతం మన దేశం వాళ్లేనని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు అలా పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ తర్వాతి ఏడాది, 2023 జూలైలో, విశాఖలో హాస్టల్‌లో ఉంటూ నీట్‌కి చదువుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తుని సీబీఐకి అప్పగించడంతో పాటు, చట్టం వచ్చేదాకా దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించాల్సిన పదిహేను మార్గదర్శకాలు ఇచ్చారు. నూరుమంది, అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. టెలీ మానస్‌తో సహా సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో, స్పష్టంగా కనిపించేలా పెట్టాలి. అంటే ఇప్పుడు గోడల మీదికి ఎక్కుతున్న ఈ పోస్టర్లకి మన విశాఖతో నేరుగా సంబంధం ఉంది.

టెలీ మానస్ అంటే 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, బెంగళూరు నిమ్‌హాన్స్ దానికి కేంద్రం. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై భాషల్లో మాట్లాడొచ్చు, తెలుగు కూడా ఉంది. 2024లో యాప్ కూడా తెచ్చారు. ఇది మంచి పని, నాకు అనుమానం లేదు. రాత్రి రెండింటికి ఒక మనిషి ఫోనెత్తడం చిన్న విషయం కాదు. నా గొడవ ఫోనెత్తేవాళ్లతో కాదు. అక్కడిదాకా అమ్మాయిని తీసుకెళ్లాల్సిన మాటలతో.

ఆ మాటలు ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి దిగినవి. యాంగ్జైటీని "ఆందోళన" అంటారు. తెలుగు పేపర్ చదివే ఇంట్లో ఆందోళన అంటే కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుని కూర్చోవడం. "విద్యార్థినుల్లో ఆందోళన" అన్న హెడ్డింగ్ చూసి మెస్ ఛార్జీల గొడవేమో అనుకున్నా తప్పులేదు. డిప్రెషన్‌ది ఇంకా తమాషా. సముద్రం పక్కన పెరిగిన మాకు డిప్రెషన్ అంటే ముందు వాయుగుండం. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం చెప్పేది, బంగాళాఖాతంలో అల్పపీడనం అది వాయుగుండంగా మారి తీరం దాటే ప్రమాదం. నిజానికి మనసుకి కూడా ఇదేమంత చెడ్డ పోలిక కాదు: దూరంగా మొదలవుతుంది, కదులుతుంది, బలపడుతుంది, ఒక్కోసారి బలహీనపడి తనే పోతుంది, ముందుగా తెలిస్తే ప్రాణాలు కాపాడుకోవచ్చు. వాతావరణ శాఖ నంబర్ జెండాలు మార్చి మార్చి ఎగరేసి జాలర్లకి అర్థమయ్యేలా చెప్పింది. మనసుకి పెట్టిన "కుంగుబాటు", "వ్యాకులత" మాత్రం డిక్షనరీ దాటి బయటికి రాలేదు.

మా వైపు అమ్మాయిలకి మాటల్లేక కాదు. దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు. అమ్మ గుర్తొస్తే బెంగ. ఏదో జరగబోతోందనిపిస్తే గుబులు. ఏమీ జరక్కుండానే ఉండేది దిగులు. "మనసేటో బాగోనేదు" అని మా అమ్మమ్మల తరం అనేది, ఆ "ఏటో"లో కారణం తెలియకపోవడం కూడా ఉంది. డాక్టర్లు వెతికే లక్షణం కూడా అదే కదా. తలబరువు, గుండెదడ, అన్నం సయించకపోవడం, ఇవన్నీ మనసు మాటలే, ఒంటి భాషలో చెప్పినవి. ఈ మాటల్లో ఒక్కటైనా పోస్టర్ మీద నాకు కనిపించలేదు. "మీరు భావోద్వేగ సమస్యలను ఎదుర్కొంటున్నారా?" అని అడుగుతుంది పోస్టర్. అలాంటివి ఎదుర్కొంటున్నానని ఏ అమ్మాయికి తెలుసు? తనకి తెలిసింది వారం నుంచి అన్నం తినబుద్ధి కావట్లేదని.

ఇప్పుడు ఆ అమ్మాయికి మాట దొరికిందనే అనుకుందాం. ఫోన్ ఎక్కడ చేస్తుంది? మా పద్మనాభం విశాఖ జిల్లాలోదే గానీ, బస్సెక్కితే విజయనగరమే దగ్గర. 1794లో చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణం విడిచిన ఊరిగా చరిత్రలో పేరు, కొండ మీది అనంత పద్మనాభస్వామి మెట్ల వల్ల భక్తుల్లో పేరు. ఇంటర్ అయ్యాక అమ్మాయిలు విజయనగరమో, తగరపువలసో, విశాఖో వెళ్లి చదువుకుంటారు. రోజు మొత్తంలో వాళ్లు ఒంటరిగా ఉండే చోటు చెప్పమంటే నేను చెప్పలేను. ఇంట్లో రెండు గదులు, హాస్టల్ గదిలో నలుగురు, బస్సులో ఊరంతా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉందన్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద 54 శాతం. 15–19 ఏళ్ల వాళ్లలో అది మూడోవంతు దగ్గరే ఆగింది. సర్వే జరిగింది 2019–21లో, ఇప్పుడు పెరిగే ఉంటుంది. అయినా ఫోన్ ఉండటం వేరు, ఫోన్ లాక్ అన్నయ్యకి తెలియకపోవడం వేరు. కాల్ లిస్టులో 14416 అని ఉంటే "ఇదేంటి?" అని అడిగేది ముందు ఇంట్లోవాళ్లే.

ఇక్కడ ప్రభుత్వానికి అమ్మాయంటే ఏమిటో గమనించాలి. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. రెండూ ఆపదలో మీట నొక్కితే పోలీసులొచ్చే యాప్‌లు. అవసరమైనవే, కాదనను. కానీ వాటి ఊహలో అమ్మాయికి ప్రమాదం ఎప్పుడూ రోడ్డు మీంచే వస్తుంది. ఇంట్లోంచి, తన లోపలి నుంచి వచ్చేదానికి మీట లేదు.

అసలు గోప్యత సంగతికి వస్తాను. ఆ వాక్యం ముద్దగా ఉందన్నది ఒక ఎత్తు. అది పూర్తి నిజం కాదన్నది ఇంకో ఎత్తు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతని హక్కుగానే ఇచ్చింది, కానీ ప్రాణానికి ముప్పున్నప్పుడు, నామినేటెడ్ ప్రతినిధికి చెప్పాల్సొచ్చినప్పుడు మినహాయింపులు పెట్టింది. పద్దెనిమిది నిండని వాళ్లకి ఆ ప్రతినిధి మామూలుగా అమ్మానాన్నలే. దీనికన్నా పెద్దది పోక్సో. 2012 నాటి ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. ఇంట్లో మామయ్యో, స్కూల్లో మాస్టారో చేసే దుర్మార్గం బయటపడటానికి ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. కానీ పద్దెనిమిది లోపు ఇష్టపడటమన్నది ఆ చట్టానికి లెక్కలోకి రాదు. పదిహేడేళ్ల అమ్మాయి తనకి నచ్చిన క్లాస్‌మేట్ గురించి, జరిగిన దాని గురించి, నెల తప్పిందేమోనన్న భయం గురించి చెప్పుకుంటే, విన్న మనిషి చేతుల్లో చట్టం ఒక బాధ్యత పెడుతుంది. ఆ అమ్మాయికి ఇది ముందు తెలియాలా వద్దా? "గోప్యంగా ఉంచబడును" చదివి నమ్మి చెప్పాక, ఇంటికి పోలీసులొస్తే, ఆ అమ్మాయి జన్మలో ఇంకెవరికీ ఏదీ చెప్పదు. తన చెల్లెల్ని కూడా చెప్పనివ్వదు.

మంచి కౌన్సెలర్లు ఈ హద్దుల్ని మొదటి అయిదు నిమిషాల్లోనే చెబుతారు. వాళ్ల వృత్తి నియమం అది. మరి వాళ్లు నోటితో చెప్పేది పోస్టర్ ఎందుకు చెప్పదు? "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ముప్పనిపించినా, ఎవరైనా నిన్ను పాడుచేస్తున్నారని తెలిసినా, చట్టం ప్రకారం ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు. అలాంటి మాట వస్తే ముందు నీతో అంటాను. నీ పేరు చెప్పకుండా కూడా మాట్లాడొచ్చు." మూడు నాలుగు వాక్యాలు. ఇందులో ఒక్క సంస్కృత సమాసం కూడా అక్కర్లేకపోయింది. కొంతమంది ఇది చదివి ఫోన్ చేయడం మానేస్తారని అధికారులు భయపడొచ్చు. మానేసేవాళ్లు ఉంటారేమో. కానీ చేసినవాళ్లు తెలిసి చేస్తారు.

ఇలాంటి పని తెలుగులో ఇదే మొదటిసారా అని వెతికితే మనం మాలతీ చందూర్ దగ్గర ఆగుతాం. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆవిడ దశాబ్దాలపాటు నడిపిన "ప్రమదావనం" శీర్షికని మన తరం వంటల పేజీలా కొట్టిపారేస్తుంది. ఆవిడ "వంటలు–పిండివంటలు" పుస్తకం అంత పేరు తెచ్చుకోవడం కూడా దానికి కారణమే. కానీ ఆ శీర్షిక ఎలా పనిచేసేదో ఒక్కసారి ఆలోచించండి. ఎక్కడో ఒక అమ్మాయి ఇన్‌లాండ్ లెటర్ మీద తన గొడవ రాసి మద్రాసు పంపుతుంది. పేరు బదులు ఏదో ఒక గుర్తు పెట్టుకుంటుంది. జవాబు అచ్చులో వస్తుంది. ఆ జవాబు ఆ అమ్మాయి చదువుతుంది, అదే బాధ ఉండి ఉత్తరం రాసే ధైర్యంలేని ఇంకో వెయ్యిమంది కూడా చదువుతారు. అమ్మ చదువుతుంది, అత్త చదువుతుంది, వాళ్లింట్లో అమ్మాయే రాసిందని తెలియకుండా. బాధ ఎవరిదో ఎవరికీ తెలియదు, అలాంటి బాధ ఉందని మాత్రం ఊరందరికీ తెలుసు.

నాకు ముఖ్యమనిపించేది ఇదే. ఫోన్ కాల్‌లో ఉన్న ఏకాంతం దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. బాధ ఎవరిదో నంబర్‌ని బట్టి ఎక్కడో నమోదవుతుంది, అలాంటి బాధ ఉందని పక్కింటి అమ్మాయికి మాత్రం తెలియదు. హెల్ప్‌లైన్‌కి లక్షల కాల్స్ వస్తాయి, ప్రతి కాల్ చేసినవాళ్లూ తామొక్కరే చేశామనుకుంటారు. నాకు మాత్రమే ఇలా ఉంది అన్న భావన ఈ జబ్బులో సగం కదా. ఆ సగాన్ని "ప్రమదావనం" తగ్గించింది. హెల్ప్‌లైన్ దాని జోలికే పోదు.

పాత శీర్షికని నెత్తిన పెట్టుకోమని కాదు. ఉత్తరానికి జవాబు రావడానికి వారాలు పట్టేది, ఈలోపు ఏమైనా జరగొచ్చు. ఆ అమ్మాయితో ఎదురుగా మాట్లాడి ఇంకో ప్రశ్న వేసే వీల్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, శీర్షికలకి సలహా ఇవ్వడమే వచ్చు, వినడం రాదు. తర్వాత స్వాతిలో డాక్టర్ సమరం ఒంటి విషయాల్లో ఇదే పని చేశారు, బడిలో ఎవరూ చెప్పని జీవశాస్త్రం రెండు తరాలు అక్కడే నేర్చుకున్నాయి. దాని వెనకాలే వ్యక్తిత్వ వికాసం పుస్తకాల వరద. దాని గురించి ఎక్కువ రాయను. గెలవడం నీ చేతుల్లోనే ఉందని పేజీపేజీకీ చెప్పే పుస్తకం, గెలవలేకపోతున్న అమ్మాయికి తప్పు కూడా నీదే అని చెబుతున్నట్టే.

మన నవలలైనా ఆదుకున్నాయా అంటే, తెలుగులో మనసు లోపలికి వెళ్లిన పేరున్న నవలలు, "అసమర్థుని జీవయాత్ర", "చివరకు మిగిలేది", "అంపశయ్య", మూడూ మగవాళ్ల తలకాయల్లో నడుస్తాయి. అమ్మాయిల వైపు నుంచి నాకు వెంటనే గుర్తొచ్చేది విశాఖలోనే నడిచే "కాలాతీత వ్యక్తులు". రాసిన డాక్టర్ పి. శ్రీదేవి వైద్యురాలు, 1961లో చిన్న వయసులోనే పోయారు. అందులో ఇందిరకి ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వరు, తండ్రి బరువు కూడా తనే మోస్తుంది. అయినా ఆ నవలలో అమ్మాయిలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఒకరినొకరు గమనిస్తారు. కోపంతో అయినా సరే, అసూయతో అయినా సరే. డాక్టరై ఉండి కూడా శ్రీదేవి వాళ్లని పేషెంట్లుగా చూడలేదు. నేటి పోస్టర్ రాసేవాళ్లకి నేనొక పుస్తకం ఇవ్వగలిగితే అదే ఇస్తాను.

ఇప్పటి అమ్మాయిలు ఎవరితో మాట్లాడుతున్నారో మనకి తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి, చాట్‌బాట్‌తో. దాన్ని తిట్టడం తేలిక. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మనం అన్నమాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి ఇంకేం రాదు. అది తయారవడం దగ్గరుండి చూసిన ఆయన సెక్రటరీయే, కాసేపు దాంతో మాట్లాడాక, ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమందట. ఆయన దానికి బెదిరిపోయాడు. నాకు మాత్రం ఆ సెక్రటరీ మీదే మనసు పోతుంది. ఆవిడ అడిగింది యంత్రాన్ని కాదు, గదిని. తలుపు వేసుకోవడానికి ఒక గది. చాట్‌బాట్ మన అమ్మాయిలకి ఇస్తున్నది కూడా ముందు ఆ గదే: చప్పుడు లేదు, కాల్ లిస్టులో నంబర్ లేదు, అమ్మ పక్కన పడుకున్నా టైపు చేయొచ్చు. అందుకే వెళ్తున్నారు. ఆ గది ఎవరిదో, అందులో మాటలు ఎక్కడికి పోతాయో, రేపు ఉంటుందో లేదో వేరే ప్రశ్నలు. లక్షలమంది మాట్లాడుకున్న వోబాట్ యాప్‌ని 2025 జూన్ 30న ఆ సంస్థే మూసేసింది. పైగా 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ల వివరాలు వాడాలంటే కంపెనీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. వైద్యులకీ ఆసుపత్రులకీ నిబంధనల్లో కొంత సడలింపు ఉంది, కబుర్లు చెప్పే యంత్రానికి లేదు. ఇంట్లో చెప్పలేకే అక్కడికి వెళ్లిన అమ్మాయి ఇంట్లో అడిగి రావాలి. ఏం చేస్తుంది? పుట్టిన సంవత్సరం మార్చేస్తుంది.

కాబట్టి టెలీ మానస్ లాంటి చోట మనుషులు వినడం ఎప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం. నేను కోరేవి పెద్దవేం కావు. మాట్లాడలేని అమ్మాయి టైపు చేయడానికి దారి, అది కూడా ఇంగ్లీషు అక్షరాల తెలుగుని చదవగలిగే మనిషికి. పేర్లు, ఊళ్లు, ఆనవాళ్లు తీసేసి, అడిగినవాళ్ల ఒప్పుదలతో, ప్రశ్నలూ జవాబులూ వారం వారం తెలుగులో ఒక పేజీ. హాస్టల్ నోటీసు బోర్డుకి అంటించొచ్చు, ఎవరు నిలబడి చదివినా ఎవరికీ అనుమానం రాదు. నలుగురూ చదువుతారు కాబట్టి. జవాబులు రాసేవాళ్లు మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్లై ఉండాలి, పక్కన మంచి తెలుగు తెలిసినవాళ్లు కూర్చోవాలి. వీళ్లిద్దరూ ఒక గదిలో కూర్చున్న సందర్భం మన దగ్గర ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. కవితా సంపుటాల ఆవిష్కరణకి అయిదుగురు వక్తలు దొరుకుతారు.

ఈలోగా కోర్టు చెప్పింది కాబట్టి జూనియర్ కాలేజీలన్నీ పోస్టర్లు కొత్తగా అచ్చేయాలి. పెద్ద అక్షరాలు అన్నారు, వేస్తారు. 14416 దూరానికి కూడా కనబడుతుంది. కింద ఆ వాక్యం మార్చడానికి అదనంగా ఖర్చేమీ ఉండదు.